గ్వానహ్వాతో ఊరి ఫౌంటెన్‌లో పడిందెవరు?

ఓడ ఉద్యోగం నుంచి సెలవుకు వచ్చినవాడు ఏం చెప్పినా ఆ రోజుల్లో మా చీపురుపల్లి నమ్మేసేది. ఫోను తిప్పి అబద్ధం పట్టుకునే వీలు ఇంకా రాలేదు, మా ఓడకి తిమింగలం అడ్డంగా పడుకుందన్నా "అలాగేటి?" అని నోళ్లు తెరిచేవారు. (తిమింగలాన్ని నేను ఇప్పటికీ చూడలేదు.) అలాంటి చెవుల్లో నేను వేసిన ఒక కథ వల్ల నా స్నేహితుడి పేరు పాడైంది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ స్నేహితుణ్ణి అందరం పాస్టరు అనేవాళ్లం. నిజానికి పాస్టరు కాదు. వాళ్ల నాన్న బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద, వీడు అక్కడ పాటలు పాడేవాడు, మందు వాసన కూడా ఎరగడు. ఇద్దరం ఒకే ఓడలో చేరాం. ఒకసారి మెక్సికో రేవులో ఓడ మరమ్మతుకు ఆగితే, సెలవు అడిగి, బస్సెక్కి గ్వానహ్వాతో అనే ఊరు చూడ్డానికి వెళ్లాం. ఒకప్పుడు వెండి గనులతో వెలిగిన ఊరది. స్పెయిన్ వాళ్లు ఆ వెండి డబ్బుతో కట్టించుకున్న చర్చిలు, కొండల నిండా పసుపు, గులాబీ, నీలం రంగుల ఇళ్లు (మా రామతీర్థం కొండ మీద ఎవరో రంగు డబ్బాలు ఒలకబోసినట్టు), ఊరి కింద సొరంగాల్లో కార్లు తిరిగే రోడ్లు. ఎదురెదురు బాల్కనీల నుంచి ప్రేమికులు ముద్దు పెట్టుకునేంత ఇరుకు సందు ఒకటుంది. అక్కడ జంటలు వరసకట్టి ఉంటే, మేమిద్దరం తలలు దించుకుని గబగబా దాటేశాం. గనిలోకి దిగి, చీకట్లో నెత్తి కొట్టుకుని పైకొచ్చాం. అక్కడితో ఆగినా బాగుండేది. టికెట్టు కొని ఒక మ్యూజియంలోకి వెళితే, లోపల అద్దాల పెట్టెల్లో నోళ్లు తెరుచుకున్న ఎండు శవాలు! శ్మశానపు గూళ్లలో పెట్టినా కుళ్లకుండా మిగిలిపోయినవాళ్లట.

శవాన్ని చూస్తే తలస్నానం చేసేదాకా దేన్నీ ముట్టుకోకూడదని అమ్మ పెంచిన పెంపకం నాది. ఒక్క శవమైతే సర్దుకునేవాణ్ణేమో, అక్కడ గదుల నిండా ఉన్నాయి.

"ఆకలేస్తన్నాది, రారా, ఏటైనా తిందాం," అన్నాడు పాస్టరు.

"తానం సెయ్యకుండా ఎలా తింతానురా?"

"ఇక్కడ నీకోసం నుయ్యి తవ్వించినారేటి? ఓడకెళ్లినాక సెయ్యి."

నేను వినలేదు. కూడలిలో పెద్ద రాతి ఫౌంటెన్ కనిపించగానే బూట్లు విప్పి, ప్యాంటూ చొక్కాతోనే దిగిపోయాను. (మైల స్నానం కట్టుబట్టలతోనే కదా.) మునిగి లేచేసరికి ఎదురుగా పోలీసు. అతను పట్టుకెళితే ఓడ మమ్మల్ని వదిలేసి పోతుంది. అప్పుడు పాస్టరు బూట్లతో సహా నీళ్లలోకి దిగి, నా నెత్తిన చెయ్యి పెట్టి, వచ్చీరాని స్పానిష్‌లో నాకు బాప్తిస్మం ఇస్తున్నానని పోలీసుకి చెప్పాడు. తర్వాత ప్రార్థన చేస్తున్నంత భక్తిగా, "ముక్కు మూసుకోరా, సచ్చినోడా," అని తెలుగులో పలికి, వెనక్కి వాల్చి ముంచేశాడు. నేను పైకి లేచేసరికి పోలీసు టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఎవరో ముసలమ్మ నా మొహం తుడిచి, చేతిలో రొట్టె పెట్టింది.

ఇద్దరం ఫౌంటెన్‌లో పడ్డామన్న కబురు ఓడలో తోటివాళ్లు రాసిన ఉత్తరాల్లో మాకంటే ముందే ఊరు చేరింది. "ఏటి జరిగినాది? నిజం సెప్పు," అని అమ్మ నిలదీసింది. ఆదివారం వస్తే అరసవల్లి వెళ్లి సూర్యుడికి దండం పెట్టుకునే మనిషికి బాప్తిస్మం అన్న మాట ఎలా చెప్పను? "పాస్టరు తాగేసి పడిపోనాడే అమ్మా, నేనే దిగి లాగినాను," అన్నాను. వీధిలో నేను వీరుణ్ణయిపోయాను. పాస్టర్ని వాళ్ల నాన్న చాలాకాలం చర్చిలో పాడనివ్వలేదు. వాడు వెనక బల్ల మీద నోరు మూసుకుని కూర్చున్నాడు గాని, నా గుట్టు విప్పలేదు. "మీ అమ్మ తట్టుకోలేదురా," అన్నాడంతే.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఆ రంగుల ఊరు చూపించి, మా ఇంట్లో టీ తాగుతున్న పాస్టర్ని అడిగింది: "మావయ్యా, నువ్వు తాగి పడిపోయిన ఫౌంటెన్ ఇదేనా?"

"అదేనమ్మా," అన్నాడు వాడు, తొణక్కుండా. ఇప్పుడు వాడే సంఘపెద్ద. నా అబద్ధాన్ని ఇంకా మోస్తూనే ఉన్నాడు. ఇక నా వల్ల కాలేదు. మా ఆవిడా, పిల్లా వింటుండగా ఉన్నదంతా చెప్పేశాను. (అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే, ముందు నాకు మళ్లీ తలంటేది.)

పాస్టరు గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "ఇన్నాళ్లకి ఒప్పుకున్నావురా. నీ బాప్తీసం ఇయ్యాల్టికి పూర్తయినాది."

తల ఇంకా తడిగా ఉన్నట్టనిపించి తడుముకున్నాను. తడవడానికి అక్కడ పెద్దగా జుట్టేమీ మిగల్లేదు.