దిగమన్న హుకుం

మా పెదనాన్న చైనా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. భయపడి పారిపోయి ఉంటాడని తెనాలిలో కొందరన్నారు. నాన్న బడిలో ఆ మాట పడుతూనే పెరిగారు. పెదనాన్న పటాలంలోనే పనిచేసిన యాదయ్యగారు హైదరాబాదు దగ్గర తుర్కయంజాల్‌లో ఉన్నారని మాజీ సైనికుడొకాయన చెప్పగానే బయల్దేరాను.

దిల్‌సుఖ్‌నగర్ లాడ్జిలో రాత్రి గడిపి, ఉదయం ఎనిమిదింటికి ఇడ్లీ తిని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. ఇక్కడి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నా ఆంధ్రా ఆధార్ చూసి కండక్టరమ్మ టికెట్ కొట్టింది. చైతన్యపురిలో ఎక్కిన అమ్మాయి నా పక్కన కూర్చుంది. గ్రూప్స్‌కి చదువుతోందట. నేనెందుకు వచ్చానో చెప్పాను.

"ఆ యుద్ధంల ఓటమికి కారణాలంటే పరీక్షల మేం ఐదు పాయింట్లు రాస్తం అక్కా. చూసినోళ్లను అడగాలనే తోచలే," అంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటేసరికే చాలాసేపు పట్టింది. అక్కడి నుంచి సాగర్ రోడ్డు మీద బస్సు వేగంగానే పోయింది. తుర్కయంజాల్‌లో దిగి, ఇల్లు అడుగుతూ వెళ్లాను.

యాదయ్యగారు ఎనభై దాటిన మనిషి. గేటు దాకా ఎదురొచ్చారు. కోడలు చాయ్ ఇచ్చి వెళ్లాక మొదలుపెట్టారు.

"మా కందకాలు కొండ మీదుండె. కింద రోడ్డంత కనబడేది. తిండుంది, తూటాలున్నయ్. ఇంకొన్ని దినాలు చైనోళ్లను ఆపేటోళ్లం. పెద్ద సాబేమో యాడనో దూరంగ మ్యాప్ ముందట కూసున్నడు. దుష్మన్ ఎనక నుంచి చుట్టుకుంటడని అందర్ని దిగమని హుకుం ఇచ్చిండు. దిగుతాంటే ఇరుకు తొవ్వల కాల్చిన్రు. కొండా పాయె, మనుషులూ పాయె."

"ఆ ఆఫీసరు పిరికివాడా తాతగారూ?"

"అట్లనలేను బిడ్డా. మ్యాప్‌ల చూస్తే ఆయనన్నదే కరెక్టనిపిస్తది. ఒక్కసారి పైకొచ్చి చూసినా, మమ్మల్ని అడిగినా దిగమనకపోతుండె."

పెదనాన్న గురించి నేనింకా అడగనేలేదు. ఆయనే అందుకున్నారు.

"మీ పెదనాయన దిగనని కొట్లాడిండు. హుకుమాయె, దిగక తప్పలే. కాల్పులు మొదలైనంక మేమంత ముందుకురికినం. దెబ్బ తగిలి పడ్డోన్ని తెస్తానని ఆయన ఎనక్కి పోయిండు. గంతవరకే చూసిన. తర్వాత ఏమైందో ఎరుకలేదు. ఉత్తగ కల్పించి చెప్పలేను."

మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సెక్కాను. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి చేసిన తప్పు కొండ దిగి, దేశమంతా దాటొచ్చి, తెనాలి బడిలో ఒక పిల్లవాడిని ఏడిపించింది. దారి పొడుగునా అదే తలుచుకున్నాను. హయత్‌నగర్ దాటాక నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నారు.

"మళ్లీ చెప్పమ్మా," అన్నారు. "మొదట్నుంచీ చెప్పు."