గాలివాన నాడు మా గల్లీ హీటర్లు

గల్లీనంతా తిట్టి, నా ఇంటి హీటర్ మాత్రం ఆపలేదని గోదావరిఖనిలో మా బొగ్గుగని క్వార్టర్ల వాళ్లు నా గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం.

తెలంగాణ రాకముందు సంగతి. ఆ రోజు మా ఆడబిడ్డకు పూలుపండ్లు, అంటే నిశ్చితార్థం. పెద్దపల్లి నుంచి మగపెళ్లివారు బయల్దేరారు. మటన్ సగం ఉడికిందో లేదో, గాలివాన వచ్చి కరెంటు పోయింది. మా క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు, అందుకే ఇంటింటా వంట హీటర్ మీదే. వాన వెలిశాక లైన్‌మన్ మల్లేశన్న రెండుసార్లు ఫ్యూజు వేశాడు. స్విచ్‌లు వేసే ఉన్న హీటర్లన్నీ ఒక్కసారే అందుకోవడంతో రెండుసార్లూ కాలిపోయింది.

“ఇంకోసారి గిట్లయితే ట్రాన్స్‌ఫార్మరే పోతది. మూడు రోజులు చీకట్లనే ఉండాలె,” అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగి, నోరు పెట్టుకుని అందరి హీటర్లూ ఆపించాను. చివరికి పక్కింటి రాజక్క, “మరి నీ ఇంట్ల సంగతేంది?” అంది.

“వచ్చి చూడు!” అని అందరినీ వంటింట్లోకి తీసుకెళ్లాను. మటన్ గిన్నె కింద హీటర్, దాని స్విచ్ వేసే ఉంది!

“ముందుగాల నిన్ను నువ్వు తిట్టుకో చెల్లె,” అని మల్లేశన్న గడపలోనే కూలబడి నవ్వాడు.

తర్వాత ఒక్కో వరుస ఇళ్లవాళ్లం వంతులవారీగా హీటర్లు వేసుకున్నాం. ఫ్యూజు నిలిచింది, మటన్ ఉడికింది, మగపెళ్లివారు మారు వడ్డించుకున్నారు. ఇప్పటికీ గాలి లేస్తే మా గల్లీలో ముందు హీటర్లు ఆపి, తర్వాతే ఆరేసిన బట్టలు తీస్తారు.

కానీ ఆ రోజు బయటికి వెళ్లే ముందు ఆ స్విచ్ నా చేత్తో నేనే ఆపాను. అప్పుడు ఇంట్లో ఉన్నది మా అత్తమ్మ, ఆడబిడ్డ. ఎప్పుడడిగినా ఇద్దరూ నవ్వుతారు. మరి దాన్ని మళ్లీ వేసిందెవరు?