కాకి లేని కొండ

ఢిల్లీ చుట్టుపక్కల పిట్టలన్నీ పొద్దున్నే మా తాతయ్య దగ్గర హాజరు వేయించుకున్నాకే ఎగురుతాయి. రాని పిట్టకు మెమో వెళ్తుంది. తాతయ్య సుందరరామయ్య కేంద్ర ప్రభుత్వంలో సెక్షనాఫీసరుగా రిటైరయ్యాడు. ఆ దర్జా ఇప్పుడు పిట్టల మీద చూపిస్తాడు. ఇంటరు మధ్యలో మానేసిన నేను ఆయన బైనాక్యులర్స్ మోసే ప్యూనుని.

2006 ఏప్రిల్లో వసంత్ కుంజ్ నుంచి టాక్సీలో మంగర్ కొండలకు వెళ్ళాం. డ్రైవరు కింద రోడ్డు మీదే ఆగిపోయాడు. పైన అంతా ఇసుక, బండలు, ముళ్ళ తుమ్మలు. తాతయ్య కౌజుపిట్టల వెనక పాకాడు, పాలపిట్టను చూసి చప్పట్లు కొట్టబోయి ఆగాడు. మధ్యాహ్నానికి బండ నీడలో కూర్చుని పెరుగన్నం విప్పాం.

ఆయన మొదటి ముద్ద బండ మీద పెట్టి, "కా... కా..." అన్నాడు.

వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చినప్పుడు తాతయ్య ఆఫీసు క్యాంటీన్లో భోంచేస్తున్నాడట. అప్పట్నుంచి ఆవిడ పేరున కాకికి పెట్టందే మెతుకు ముట్టడు. మా బాల్కనీ కాకి ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. ఇక్కడ మాత్రం ఒక్కటీ రాలేదు.

"కాకి మనుషుల పక్షే. ఇక్కడ మనుషులేరీ?" అన్నాడు, ఆ ముక్క అప్పుడే గుర్తొచ్చినట్టు.

పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాడు. తిన్నది ఒక్క ఇడ్లీ. కాసేపటికి నుదుట చెమట పట్టింది. బైనాక్యులర్స్ పట్టుకున్న చేతులు వణికాయి.

"తాతయ్యా, షుగర్ పడిపోతోంది. తిను!"

"అమ్మకి పెట్టకుండానా?"

బెల్లం ముక్క నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. సెల్లులో సిగ్నల్ లేదు. ఆయన్ని వదిలి కిందికి పరిగెత్తనా అంటే, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"వైశాలీ... అదేం పిట్టే?" అన్నాడు నాలుక మడతపడుతూ.

తుమ్మకొమ్మ మీద దాల్చినచెక్క రంగు పిట్ట, పొడుగాటి తోక. 'ట్రీపై' అంటారు దాన్ని. నేను ఊపిరి బిగపట్టాను. అది బండ మీదికి దూకింది, తల అటూ ఇటూ తిప్పింది, మళ్ళీ కొమ్మెక్కింది. అంతలో సర్రున దిగి, ముద్దలో సగం ముక్కున కరుచుకుని పోయింది.

"తినేసింది! చూశావా?"

"అది కాకి కాదు."

"కాకి కుటుంబమేనని వందసార్లు చెప్పింది నువ్వే కదా! జేజమ్మకి తీరిక లేక చుట్టాన్ని పంపింది. వచ్చిన చుట్టాన్ని కాదంటావా?"

తాతయ్య పెదవి వంకర పోయింది. నవ్వో, వణుకో తెలీలేదు. ఆ సందులో బెల్లం నోట్లోకి తోసేశాను. ఉమ్మలేదు. చప్పరించాడు. ఆ తర్వాత ముద్ద వెనక ముద్ద పెట్టాను. చేతుల వణుకు మెల్లగా తగ్గింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

"రేపట్నుంచి కాకి రాకపోయినా తింటానని ఒట్టెయ్యి తాతయ్యా."

"వెయ్యను. ముందు నువ్వు పెరుగన్నంలో ఉప్పెయ్యడం నేర్చుకో."