మాగొమెద్ అంగట్లో పీరయ్య నేర్చిన మాటలు

“ఎడమ చెయ్యి అని కూడా చెప్పినాడా?”

“చెప్పినాడు మామా. పరుపులు కుట్టే హిందీ, అంటే ఇండియావోడు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు, యాడుంటాడని వచ్చీరాని అరబ్బీలో అడిగినాడు. తెలీదన్నా నేను.”

“పేరేమన్నాడు?”

“అస్లాన్ అంట. హజ్‌కు వచ్చినాడు. రమజాన్ తమ్ముణ్ణని చెబితే చాలు, నీకే తెలుస్తాదన్నాడు.”

పీరయ్య చేతిలోని సూదిని పరుపులోకి గుచ్చి అక్కడే వదిలేశాడు. మదీనాలో హోటళ్ల వెనక సందులో, రేకుల షెడ్డులో అతని పని. యాత్రికుల హోటళ్లకు పరుపులు, దిండ్లు కుడతాడు. కబురు తెచ్చిన నయీమ్ ప్రొద్దుటూరు మనిషి, అవే హోటళ్లలో ఏసీలు బాగుచేస్తాడు. ఆ వేళ్లు మిషన్లో పడి తెగినాయని నాలుగేళ్లుగా పీరయ్య చెబుతూ వచ్చాడు. ఇవాళా ఏదో నవ్వులాట చెప్పి దాటేస్తాడనుకున్నాడు నయీమ్. పీరయ్య లేచి చేతులు కడుక్కొని, పళ్లెంలో మైదాపిండి పోసుకున్నాడు.

“ఎవరు మామా ఆ రమజాన్?”

“నేను సంపిచ్చినోడు” అన్నాడు పీరయ్య, పిండిలో ఉప్పు వేస్తూ.

నయీమ్ దూది మూట మీద కూలబడ్డాడు. పీరయ్య తొందరపడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెట్టాడు.

నంద్యాల పక్క పల్లె అతనిది. దూదేకులోళ్లు. నమాజు అరబ్బీలో, ఏడుపూ తిట్టూ తెలుగులో. ఉర్దూ ముక్క రాదు. “అమ్మను అమ్మా అని పిలిచే సాయిబువి నువ్వెక్కడ దొరికినావురా” అని సౌదీకి వచ్చిన కొత్తలో హైదరాబాదోళ్లు రూములో ఆటపట్టించేవాళ్లు. తొంభై ఒకటి జనవరిలో కువైట్ సరిహద్దు పక్క ఖఫ్జీలో ఉన్నాడు. ఊరి మీదికి యుద్ధం వచ్చింది. తోటి కుట్టుపనివాడు అబ్దుల్ ఘనీ, పీరయ్య ఒకే గోడ చాటున నక్కారు. గోడ కూలింది. ఘనీ తొడ చీలిపోయింది. నెత్తురు పీరయ్య లుంగీకి అంటి గడ్డకట్టింది. తెల్లారి ఒక సిపాయి వచ్చి, తుపాకీ గురిపెట్టి, ఏదో మూడుసార్లు అడిగాడు. ఏ దేశపోడో, ఏ భాషో తెలీదు. “నీళ్లన్నా, మా వోడు చచ్చిపోతాండాడన్నా” అని పీరయ్య తెలుగులోనే మొత్తుకున్నాడు. సిపాయి తల అడ్డంగా ఊపి పోయాడు. మధ్యాహ్నానికి ఘనీ పోయాడు.

“ఆ పొద్దు అనుకున్యా. ఎదురైనోళ్ల భాషలన్నీ నేర్చుకోవాలని. ఏ భాష ఎప్పుడు అక్కరొస్తాదో ఎవునికి తెలుసు.”

మరుసటేడు మదీనాకు పని మార్చుకున్నాడు. ఊరి బయట తనిఖీ నాకా దగ్గర పోలీసు పాస్‌పోర్టులో ‘పీరయ్య’ అని చూసి, ముస్లిములే పోవాల్సిన ఊళ్లోకి హిందువు దొంగతనంగా దూరుతున్నాడని చెంప పగలగొట్టాడు. కల్మా మూడుసార్లు చదివి, వాచిన దవడతో ఊళ్లోకి వచ్చాడు.

షెడ్డుకు నాలుగడుగుల్లో మాగొమెద్ అంగడి. దాగెస్తాన్ కొండల మనిషి, హజ్‌కు వచ్చి పూచీ పడే అరబ్బు కఫీల్‌ను ఒకణ్ణి పట్టుకొని ఉండిపోయాడు. అటు నుంచి బస్సుల్లో వచ్చే యాత్రికులకు వాళ్ల తిండి అమ్మేవాడు. గ్రెచ్కా అనే నల్ల గింజలు, ఉప్పునీళ్ల దోసకాయలు, ఇటుకంత బరువైన నల్లరొట్టె, స్మెతానా అనే పుల్లటి మీగడ. వాళ్ల కొండల్లో ఊరికో భాషంట, ఊరు దాటితే అందరికీ రష్యనే దిక్కు. సాయంత్రం అసర్ నమాజు కాగానే పీరయ్య పోయి బల్ల ముందు కూర్చునేవాడు. మాగొమెద్ ఒక్కొక్కటీ అతని నాలుక మీద పెట్టి పేరడిగేవాడు. తప్పు చెబితే బొటనవేలితో మధ్యవేలు బిగబట్టి నుదుటి మీద ఫట్‌మని వదిలేవాడు. అది వాళ్ల ఇస్కూలు పద్ధతంట.

“నుదురు బొప్పి కట్టేది అల్లుడా. గ్రెచ్కా నోట్లో పెడితే తడిసిన జొన్న సొప్ప నమిలినట్లుంటాది. బాగుండాదనే చెప్పినా. బాగలేదని చెప్పే మాట అప్పటికింకా రాలా.”

పిండి ముద్దయింది. పీరయ్య దాని మీద తడిగుడ్డ కప్పి, మాంసం తీసి కత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. పెల్మెని చేయడం మాగొమెదే నేర్పాడు. పిండి బిళ్లలో మాంసం పెట్టి, చెవి ఆకారంలో మడిచి ఉడకేస్తారు. మడిచే కొద్దీ మాటలు. మాంసం, కత్తి, నెత్తురు, నిన్న, రేపు, దారి, అన్న, తమ్ముడు. మూడేళ్లలో అన్నీ వచ్చేశాయి.

తొంభై ఆరు హజ్ అప్పుడు ఇద్దరు యాత్రికులు అంగట్లోకి వచ్చారు. మాగొమెద్ నమాజుకు పోయి ఉన్నాడు. పీరయ్య మూల కూర్చొని తింటున్నాడు. ఒకడు ఎర్రగడ్డం రమజాన్, రెండోవాడు వేరే ఊరివాడు, అందుకే రష్యన్‌లో మాట్లాడుకున్నారు. మూలనున్న నల్లటి హిందీని మనిషి కింద కూడా లెక్కపెట్టలేదు. ఇక్కడ వద్దు, హరం, నెత్తురు చిందకూడని నేల. రేపు. జెద్దా దారి. కత్తి. అన్న నెత్తురు.

“ఒక్క మాట తప్పిపోలా. అన్నీ అర్థమైనాయి.”

మాగొమెద్ రాగానే చెప్పేశాడు. మాగొమెద్ ముఖం మారలేదు. వాళ్ల చిన్నాయన ఎప్పుడో రమజాన్ అన్నను చంపాడు. చిన్నాయన చచ్చాడు గనుక వంతు తనదన్నాడు. సరుకుకు రేపు జెద్దా పోవాలి, పోకపోతే ఊళ్లో తమ్ముణ్ణి పట్టుకుంటారన్నాడు.

“పోవద్దని కాళ్లు పట్టుకున్యా. యినలా. అయితే నేనూ వస్తానన్యా. దూది ఏకే విల్లును కొడతామే, ఆ కొయ్య గుదియ సంకలో పెట్టుకొని బండెక్కినా. నా తెలివి అంతే.”

హరం హద్దు రాళ్లు దాటాక ఒక చాయ్ కొట్టు. బండి ఆగీ ఆగగానే రమజాన్ తలుపు లాగి మాగొమెద్‌ను కిందికి ఈడ్చాడు. కత్తి పక్కటెముకల్లో ఒకసారి దిగింది. రెండోసారి దిగబోతుంటే పీరయ్య ఎడమ చేత్తో కత్తి అలుగునే పట్టుకున్నాడు. రమజాన్ లాగాడు. రెండు వేళ్లు ఇసుకలో పడ్డాయి. కుడి చేత్తో గుదియ ఎత్తి మెడ పక్క ఎముక మీద కొట్టాడు. చెరుకుగడ విరిగినట్టు చప్పుడైంది. రమజాన్ చెయ్యి వేలాడిపోయి కత్తి జారింది. రెండోవాడు పారిపోయాడు.

“ఆడికి అయిపోయిందనుకున్యా. మాగొమెద్ ఆ కత్తి తీసుకున్నాడు. వాని రొమ్మెక్కి కూర్చున్నాడు. ఒక పోటు. ఇంకొకటి. రమజాన్ నా దిక్కే చూస్తాండాడు, చెయ్యి లేపలేక. ఖ్వాతిత్ అని అరిచినా. చాలు అని. గిన్నెలో ఇంకా వడ్డిస్తాంటే అనేదానికి నేర్పిన మాట అది, ఇంకే మాటా రాలా. ఖ్వాతిత్, ఖ్వాతిత్. నా నుదుటి మీద కొట్టి కొట్టి నేర్పినోడు, మాట సరిగ్గానే పలికినా గదా, యినలా వాడు.”

ఎన్ని పోట్లో కోర్టులో చదివారు. పీరయ్య చెవులు మూసుకోవాలనుకుంటే చేతులకు బేడీలు. చచ్చినవాని తండ్రి మాఫీ ఇస్తే మాగొమెద్ తల దక్కేది, రమజాన్ నాయన ఇవ్వలేదు. మాగొమెద్ గాయం మానేదాకా ఆసుపత్రిలో ఉంచి, మానాక ఒక శుక్రవారం తల తీశారు. పీరయ్యకు రెండేళ్ల జైలు, రెండు వందల దెబ్బలు, వారానికి యాభై చొప్పున. ఆ తర్వాత దేశం నుంచి పంపేశారు. పాస్‌పోర్టులో పేరు పీర్ మొహమ్మద్‌గా మార్చుకొని తొంభై తొమ్మిదిలో మళ్లీ వచ్చాడు.

“తలకు తల సరిపోయింది గదా మామా” అన్నాడు నయీమ్.

“మాగొమెద్ లెక్క సరిపోయింది. నా గుదియ లెక్క? ఆ దెబ్బ పడకుంటే వాని చెయ్యి లేచేదే. పారిపోయినోడు ఆ సంగతి వాళ్ల ఊళ్లో చెప్పకుంటాడా?”

“హాయిల్ ఊళ్లో మా బామ్మర్ది ఉన్నాడు. ఈ రాత్రికే పో.”

“హరం రాళ్లు దాటితేనే గదా వానికి పని సులువు. లోపలుంటే ముట్టడు. అయినా అల్లుడా, ఇంటికి పోవాలంటే జెద్దా దారి పట్టాల్సిందే గదా. జీవితమంతా ఈ సందులోనే ఉండేదానికైతుందా?”

పెల్మెనిలు ఉడికి పైకి తేలాయి. పీరయ్య వాటిని స్టీలు డబ్బాలోకి వంపి, పైన మీగడ వేసి, మూత బిగించాడు. మిగిలిన మూడు వేళ్లూ వేడికి ఎర్రబడ్డాయి.

“వాళ్ల కొండల్లో పగవాని చేతి తిండి తిన్యాడంటే పగ వదిలినట్లేనంట. మాగొమెద్ చెప్పినాడు. ఇది ఆ అస్లాన్‌కియ్యి. పీరయ్య పంపినాడని చెప్పు, పీర్ మొహమ్మద్ అనొద్దు. కూషయ్ అను. తినూ అని అర్థం. సల్లారక ముందే పో. ఎదురుగా నిలబడుకో. మూత తీస్తే చాల్దు, నోట్లో పెట్టుకునేది నీ కండ్లతో చూసి, అప్పుడొచ్చి నాకు చెప్పు.”