దోటితో తోసిన గాలిమర

రాష్ట్రం వచ్చిన కొత్తలో, కోస్గి దగ్గర మా ఊరి చివరి గొర్రెల దొడ్డి మీద నేనొక చిన్న గాలిమర చేసి బిగించాను. ఒక్క బల్బు కోసం. గాలి తక్కువైతే అది కదిలేది కాదు. కరెంటు పుట్టించే జనరేటరు లోపల తిరిగే రోటరు మీది అయస్కాంతాలన్నీ చుట్టూ ఉన్న ఇనుప పళ్లకు ఒకేసారి ఎదురుపడి పట్టేసేవి. బాపు మేకలకు కొమ్మలు వంచే దోటితో రెక్కను ఒక్క తోపు తోసేవాడు. ఇక తిరిగేది.

"రోటరు మారుస్త బాపూ," అన్నాను.

"ఎందుకు రా? దొడ్డి కాడ గొర్రె గూడ ఆగుతది. ముందటిదాన్ని జర తోస్తే అన్నీ పోతయి."

మార్చే తీరిక నాకు బాపు పోయాక, ఆయన దినాలకు ఊరికి వచ్చినప్పుడే దొరికింది. చుట్టాలు ఇంట్లో తింటుంటే నేను దొడ్డి దగ్గర కూర్చుని అయస్కాంతాలను ఏటవాలుగా అతికించాను. అలా పెడితే పళ్లకు ఒకేసారి ఎదురుపడవు. ఏడుపు రాలేదు. జిగురు ఆరిందా అని మాత్రం రెండుసార్లు చూశాను.

సాయంత్రం ఆకులు కూడా సరిగా కదలని గాలికే మర తిరిగింది. నన్ను అన్నానికి పిలవడానికి వచ్చిన అమ్మ బల్బు వెలుగు చూసి ఆగిపోయింది.

"ఎవరు తోసిన్రు?" అంది.

"ఎవరూ తోయలే," అన్నాను.