అరిగిన రెక్కల దాదులు

ఎవరు ఏ పనికి తగినవారో పుట్టుకే చెబుతుందని మీరు ఇంకా నమ్ముతున్నారా? అయితే ఇది మీకే రాస్తున్నాను. ఈ ఉదయం వంటింట్లో మైనం వాసన వచ్చింది. ఎవరో ఇచ్చిన తేనెపట్టు ముక్క ఎండకు మెత్తబడింది. ఆ వాసన వెంటే బోధన్ దగ్గరి మా బడి, దాని వెనక చెక్కపెట్టెలో తేనెటీగలను పెంచిన మార్తమ్మ టీచర్ గుర్తుకొచ్చారు.

మా అమ్మ, బాపు చెరకు కోసేవాళ్లు. తొమ్మిదో తరగతిలో నేను సైన్సు అడిగితే, హెడ్మాస్టరు నవ్వి నా పేరు కుట్టుపని క్లాసులో రాశారు. నా తరఫున అడగడానికి వెళ్లిన మార్తమ్మ టీచర్‌కు ఆయన కిటికీలోంచి ఆ పెట్టెనే చూపించారు.

"మీ ఈగలనే సూడుండ్రి టీచరమ్మా. పిల్లలకు పాలుపట్టేది ఇంట్లనే ఉంటది, తేనె మోసేది మోస్తనే ఉంటది. పుట్టుక మారుతదా?"

"మోసేటియి పాలుపడితే ఈ పిల్లను సైన్సుల కూసోపెడ్తరా సార్?"

"పట్టించుండ్రి, సూద్దాం!"

అలా నా చదువు తేనెటీగల నోటికి చిక్కింది. వాటి పాలంటే పడుచు ఈగల తలలోని గ్రంథుల్లో ఊరే తెల్లని ప్రోటీన్ ఆహారం. మర్నాడు మధ్యాహ్నం టీచర్ పెట్టెను, లోపలున్న పడుచు ఈగలతో సహా, దూరంగా జరిపారు. పాతచోట కొత్త పెట్టె ఉంచి, అందులో గుడ్లున్న పట్టు ఒకటి పెట్టారు. దాని మీది ఈగలన్నిటినీ ఈకతో దులిపేశారు. పొలాలకు పోయిన ముసలి ఈగలు అలవాటు కొద్దీ పాతచోటికే వచ్చి వాలాయి. లోపల పాలుపట్టే దాది ఒక్కటీ లేదు.

మొదట గుడ్లలోంచి వచ్చిన పిల్లలు చచ్చిపోయాయి. పట్టులోని ఖాళీ గదులు చూసి నేను ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా, రాసుకో. మనకు ఎదురొచ్చింది గుడ రాయాలె."

నాలుగో రోజు కొన్ని గదుల్లో పిల్లలు తెల్లని పాలలో తేలుతున్నాయి. వాటి మీద తలవంచిన ఈగల రెక్కల అంచులు చెరకు తోటల్లో తిరిగి తిరిగి చిరిగి ఉన్నాయి.

హెడ్మాస్టరు వంగి చూశారు. "సగం ఖాళీయే గద!"

"ఖాళీలు గుడ రాసినం సార్. పాలున్నయి గుడ సూడుండ్రి."

"ఈగలు వేరు, మనుషులు వేరు."

"మొన్న ఒక్కటే అన్నది మీరే గద సార్!"

మర్నాడు నేను సైన్సు క్లాసులో కూర్చున్నాను. చాలా ఏళ్లకు అసలు సంగతి చదువుకున్నాను. వయసుతోపాటు ఈగ ఒంట్లో ఒక హార్మోన్ పెరుగుతుంది. అప్పుడు పాలగ్రంథులు కుంచించుకుపోతాయి, ఆ ప్రోటీన్ తయారీ తగ్గిపోతుంది, ఈగ పొలం బాట పడుతుంది. ఇంట్లో దాదులు కరువైతే కొన్ని ముసలి ఈగల్లో ఆ హార్మోన్ తిరిగి తగ్గుతుంది, ఎండిన గ్రంథి మళ్లీ ఊరుతుంది. వాటి ఒంట్లోనే రాసిపెట్టి లేని రాతను మన నుదుట రాసిందెవరు?

"ఆ ఈగలు పాలు పట్టకపోతే మీరు ఏం చేసేటోళ్లు టీచర్?" అని ఒకసారి అడిగాను.

"నిన్ను కూసోపెట్టేదాన్నే. నీ చదువుకు ఈగల సాక్ష్యం ఎందుకు బిడ్డా? గాయన సూడకుండ చెప్పిండు, సూపిచ్చిన, అంతే."

ఆ మాట నన్ను ఇంకా కుడుతూనే ఉంది. మీ ఊరి బడిలోనూ ఏదో ఒక పిల్ల పేరు అడగకుండానే ఏదో జాబితాలోకి ఎక్కి ఉంటుంది. రేపే వెళ్లండి. రాసిన చేతిని నిలదీయండి. ఆ పేరు కొట్టించి, పిల్ల అడిగిన బెంచీలో కూర్చునేదాకా అక్కడి నుంచి కదలకండి.