నా కుళ్ళూ, కారు కూలెంటూ

ఆ రోజుల్లో నా మనసులో ఒక త్రాసు ఉండేది. ఇంట్లో ఎవరికి ఏది దక్కినా దాన్ని ఆ త్రాసులో వేసి, రెండో పళ్ళెంలో నాకు దక్కింది పెట్టి, తేడా తేల్చుకుంటే గాని నిద్ర పట్టేది కాదు. ఎన్నిసార్లు తూచినా నష్టం నాకే వచ్చేది. ఇవాళ పొద్దున పాపకు టీకా వేయించడానికి గుడివాడ బయల్దేరుతూ, బానెట్ ఎత్తి కూలెంటు చూస్తుంటే మా ఆయన గేటు దగ్గర నిలబడి, "దర్శనం అయిందా అండీ? హారతి కూడా ఇచ్చేస్తే బయల్దేరదాం" అని వేళాకోళం చేశారు. కూలెంటు పోసే ఆ తెల్ల డబ్బా కోసం ఒకప్పుడు మా పుట్టింట్లో ఎంత యుద్ధం జరిగిందో ఆయనకు తెలియదు. పాప పడుకుంది కాబట్టి తీరిగ్గా చెబుతాను. (ఈ నాలుగు మాటలు రాసేలోపే లేచి వెళ్ళి ఒళ్ళు వేడిగా ఉందేమో చూసి వచ్చాను. లేదు. ఇంకెన్నిసార్లు లేస్తానో అడక్కండి.)

అప్పుడు మేం బందరులో ఉండేవాళ్ళం. నాన్న ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. నేను బీకాం ఆఖరి సంవత్సరం. పెదపారుపూడి దగ్గర పల్లెటూరి నుంచి మా పిన్ని కూతురు మా ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చింది. రోజూ బస్సెక్కి గుడ్లవల్లేరు వెళ్ళి ఇంజినీరింగు చదివేది. అందులోనూ మెకానికల్. ఆడపిల్ల మెకానికల్ చదవడం నాన్నకు ఎంత అబ్బురమంటే, ఆయన దాన్ని పేరుతో పిలవడమే మానేశాడు. "ఇంజినీరమ్మా, ఈ ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందో చూడు." "ఇంజినీరమ్మా, ఈ కుళాయి సంగతేమిటి?" నేను మూడేళ్ళుగా కామర్సు చదువుతున్నా నన్ను ఒక్కసారైనా 'ఆడిటరమ్మా' అనలేదు. నేను పుట్టిన దగ్గర్నుంచీ అమ్మడునే. పాలవాడికీ అమ్మడునే, పక్కింటివాళ్ళకీ అమ్మడునే. చెల్లి నాకంటే నాలుగు నెలలు చిన్న. నిజం చెప్పాలంటే మంచి పిల్ల. అదే అసలు బాధ. చెడ్డదైతే హాయిగా ఏడ్చుకునేదాన్ని.

ఆ ఏడాదే నాన్న ఒక పాత కారు కొన్నాడు. బూడిద రంగుది. తీసుకొచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ఒక ప్రకటన చేశాడు. "మీ ఇద్దరికీ ఎల్లెల్లార్ తీయిస్తాను. డ్రైవింగ్ నేనే నేర్పుతాను. కానీ బండి నడపడం కంటే ముందు బండిని చూసుకోవడం రావాలి. వచ్చే నెల మోపిదేవి వెళ్ళొద్దాం. అప్పటిదాకా ఎవరు బండిని బాగా చూసుకుంటే వాళ్ళకే ముందు స్టీరింగ్ ఇస్తా." నా గుండె ఒక్క గెంతు గెంతింది. మా వీధిలో కారు నడిపే ఆడపిల్ల అప్పటికి లేదు. మొదటిదాన్ని నేను కావాలి. ఆ కారు మా నాన్నది. నేను మా నాన్న కూతుర్ని. ఇందులో పోటీ ఏమిటని అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే నాన్న పనులు పంచాడు. బానెట్ కింద కూలెంటు, ఆయిలు చూసే పని ఇంజినీరమ్మకు. అద్దాలు తుడిచే పని అమ్మడుకు. నా చేతికి ఒక పసుపుపచ్చ గుడ్డ ఇచ్చి, "మచ్చ లేకుండా తుడవాలమ్మడూ" అన్నాడు. దానికి ఇంజిను, నాకు గుడ్డ! ఆ గుడ్డను నేను ఆ రోజు ఎంత కసిగా పిండానంటే మధ్యలో చిరిగింది.

నాన్న దానికి కూలెంటు పాఠం చెబుతుంటే నేను వంటింటి కిటికీ పక్కన చేరి విన్నాను. ఇంజిను వేడిని లాగేసే రంగునీళ్ళే కూలెంటు అనీ, దాన్ని బానెట్ కింద తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పోస్తారనీ, ఆ డబ్బా మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయనీ, నీళ్ళ మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలనీ తెలిసింది. "పొద్దున్నే ఇంజిను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బండి చదునైన నేల మీద ఉండాలి. వేడి మీద మూత జోలికి పోకూడదు. మా ఆఫీసులో ఒకాయన పామర్రు దగ్గర పొగలు కక్కుతున్న బండి మూత విప్పి ముంజేయంతా కాల్చుకున్నాడు. నెల రోజులు ఎడం చేత్తో తిన్నాడు పాపం. మన బోరునీళ్ళు చస్తే పొయ్యకూడదు. బిందెలకే తెల్లగా ఉప్పు పడుతోంది, దీని గతేమవుతుంది?" అన్నాడు నాన్న. తర్వాత ఇంకేదో చెబుతుండగా కుక్కరు విజిల్ వేసింది. అమ్మ వరసగా నాలుగు విజిళ్ళు రానిచ్చింది. (కందిపప్పు ఆ రోజు ఉడకనంటే ఉడకనంది.) కుక్కరు ఊరుకునేసరికి నాన్న చేతులు కడుక్కుంటున్నాడు, చెల్లి బుద్ధిగా తలూపుతోంది. నాకు సగం పాఠమే దక్కింది. కుళ్ళుకునేవాళ్ళకు సగం చాలు.

వారం తిరక్కముందే ఒక పొద్దున అది స్నానానికి వెళ్ళిన సమయం చూసి బానెట్ ఎత్తాను. మట్టం కింది గీతకు కాస్త పైన ఉంది. పై గీతకు చాలా దూరం. నా కళ్ళు మెరిశాయి. మెకానికల్ చదువుతోంది గాని డబ్బా నింపడం తెలియదన్నమాట! నాన్నకు చెప్పేద్దామనుకున్నాను. కానీ చాడీలు చెప్పానన్న పేరు నాకెందుకు? నేనే నింపి, మోపిదేవి వెళ్ళే రోజు ఆయన చూసి ఆశ్చర్యపోతే, అప్పుడు వినయంగా తల దించుకుని నిలబడొచ్చు. (ఆ తల దించుకోవడం అద్దంలో అభ్యాసం చేసుకున్నాను కూడా.) కోనేరు సెంటర్ దగ్గర విడిభాగాల కొట్టుకు వెళ్ళి, కూలెంటు కావాలన్నాను. "ఏ రంగమ్మా?" అన్నాడు కొట్టతను. మా డబ్బాలో ఉన్నది ఆకుపచ్చ. కానీ గులాబీ రంగుది చూడముచ్చటగా ఉంది, అదే తెచ్చాను. పై గీత దాకా పోసి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు అద్దాలు తుడుచుకున్నాను.

మర్నాడు చూస్తే మట్టం మళ్ళీ కిందికే వచ్చింది! బండి తాగేసిందనుకుని మళ్ళీ పోశాను. రెండు రోజుల తర్వాత చూస్తే మళ్ళీ అంతే. అసలు సంగతి ఏమిటంటే, కుక్కరు మింగేసిన సగం పాఠంలో నాన్న దానికి ఇంకో రెండు మాటలు చెప్పాడు. మట్టం ఉన్నచోట డబ్బా మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాననీ, మట్టం ఆ చుక్క దగ్గర నుంచి కదిలితే ఎక్కడో లీకున్నట్టనీ, కదిలితే పొయ్యొద్దు, తనకు చెప్పమనీ ఒకటి. పొయ్యాల్సి వస్తే ముందున్న రకమే పొయ్యాలనీ, రంగులు కలిపితే లోపల చిక్కగా మడ్డి కడుతుందనీ ఇంకొకటి. పాపం అది పొద్దున్నే లేచి చూస్తే మట్టం చుక్కకు బెత్తెడు పైన ఉంది. ఎవరు పోశారో దానికి తెలియదా? పెదనాన్నకు చెబితే కన్నకూతురి మీద చాడీ చెప్పినట్టవుతుంది. అందుకని మందుల షాపులో పెద్ద సిరంజి కొని, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, ఎక్కువైనంత లాగేసి, చుక్క దగ్గరకు తెచ్చి పెట్టేది. నేను పొయ్యడం, అది లాగడం. రాత్రి పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ, "అక్కా, పప్పు అందుకో" అని అదీ, "నువ్వు పెట్టుకున్నావా చెల్లీ?" అని నేనూ. ఇంత ప్రేమగా మేం ముందెన్నడూ మాట్లాడుకోలేదు.

మోపిదేవి ప్రయాణం ముందు రోజు మాత్రం ఇద్దరం లెక్క తప్పాం. అక్క ఎలాగూ పొద్దున్నే పోస్తుంది, అప్పుడు లాగడానికి వీలుండదని చెల్లి సాయంత్రమే చుక్క కింద దాకా లాగేసి పెట్టింది. నా సీసానేమో అయిపోయింది. ఇంతకాలం పోసింది చాల్లెమ్మని పొద్దున నేను బానెట్టే ఎత్తలేదు. నాన్న ఇంజినీరమ్మను నమ్మి చూడలేదు. ఇంజినీరమ్మ నన్ను నమ్మి చూడలేదు. అమ్మ పుట్టలో పొయ్యడానికి పాలక్యాను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. అలా బయల్దేరాం.

చల్లపల్లి దాటాక నాన్న స్టీరింగు మీదికి వంగి కూర్చున్నాడు. తర్వాత ఏసీ ఆపాడు. తర్వాత, "ఈ వేడి ముల్లు ఇంత పైకెందుకు వెళ్ళింది?" అన్నాడు. ఆ మాట పూర్తవకుండానే బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. పక్కకు తీసి ఆపాం. చుట్టూ వరిచేలు, నెత్తి మీద ఎండ. బానెట్ ఎత్తితే డబ్బాలోంచి బుసబుసమని చప్పుడు. ఇంతలో మోపెడ్ మీద వెనక చేపల ఐసుపెట్టె కట్టుకుని వెళ్తున్న ఒకతను ఆగాడు. "ఏం బావగారూ, ఆవిరి కుడుములా?" అని పలకరించి, "నా దగ్గర ఐసుంది. ఒక గడ్డ ఇంజిను మీద పెట్టానంటే చిటికెలో చల్లారుద్ది" అన్నాడు. "వద్దు!" అని నేనూ చెల్లీ ఒకేసారి అరిచాం. "కాలుతున్న ఇంజిను మీద చల్లది పడితే పగులుతుంది బాబాయ్" అంది చెల్లి. "పోన్లెండి, చేపలకే పెట్టుకుంటా" అని అతను నొచ్చుకోకుండా వెళ్ళిపోయాడు.

అతని ముందు పరువు పోయిందనో ఏమో, నాన్నకు ఉక్రోషం వచ్చింది. పామర్రు కథ ఊరందరికీ చెప్పిన మనిషి, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని, "లోపల ఏముందో చూద్దాం" అంటూ డబ్బా మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ క్షణంలో నాకు స్టీరింగు గుర్తు లేదు, చెల్లి మీద కుళ్ళు గుర్తు లేదు. "నాన్నా, వద్దు!" అంటూ ఎడం చెయ్యి నేను పట్టుకున్నాను. "పెదనాన్నా, తియ్యకండి!" అంటూ కుడి చెయ్యి అది పట్టుకుంది. ఇద్దరం వెనక్కి లాగిన లాగుడుకు నాన్న చొక్కా గుండీలు రెండు తెగి చేలో పడ్డాయి. అమ్మ కారులోంచి తల బయటపెట్టి, "ఆయన్ని పట్టుకోండే, వదలకండి! ఈ పాలు మాత్రం ఇంజినులో పోస్తానంటే ఒప్పుకోను" అంది.

ఇంజిను చల్లారేదాకా చాలాసేపు గట్టు మీద కూర్చున్నాం. బానెట్ మీద చెయ్యి ఆనించినా చుర్రుమననంతగా చల్లారాక, నాన్న తువ్వాలు వేసి మూతను కొంచెం కొంచెంగా తిప్పి తీశాడు. లోపలికి తొంగి చూశాడు. "ఇదేమిటే... చింతపండు చారులా ఉంది?" అన్నాడు. అడుగున మడ్డి.

"అక్క పోసింది" అంది చెల్లి.

"అది లాగింది" అన్నాను నేను.

"నువ్వు పోస్తేనేగా నేను లాగింది!"

"నువ్వు లాగబట్టే నేను పోశాను!"

"పోసిందంతా సీసాలో పట్టి, మీద 'విషం' అని రాసి అటక మీద పెట్టాను. ఇంటికెళ్ళాక చూపిస్తా. మూడు చిన్న సీసాలు!"

"దాచుకున్నావా? చూశావా నాన్నా, సాక్ష్యం దాచుకుంది!"

నాన్న ఒకసారి దాని మొహం, ఒకసారి నా మొహం చూసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసాలు తెప్పించి, గుడి దాకా గండం గడవడానికి ఆ నీళ్ళే పోశాడు. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం గుడి తలుపులు వేసేశారు. మళ్ళీ తెరిచేదాకా పాలు విరక్కుండా అమ్మ పడిన పాట్లు, ఆ పాట్లు పడుతూ మా ఇద్దరికీ పెట్టిన చివాట్లు రాస్తే ఇంకో కథవుతుంది.

ఆ వారంలో మెకానిక్కు దగ్గర లోపలంతా కడిగించి, కొత్తగా ఆకుపచ్చ కూలెంటు పోయించాడు నాన్న. ఆదివారం సాయంత్రం తాళాలు తీసుకుని, "మంగినపూడి వెళ్దాం పదండి. వెళ్ళేటప్పుడు ఇంజినీరమ్మ, వచ్చేటప్పుడు అమ్మడు" అన్నాడు. నేను ఊరుకుంటానా? "దానికి ముందెందుకు?" అన్నాను. "ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి కదమ్మా" అన్నాడు. దారి పొడుగునా వెనక సీట్లో కూర్చుని, బండి ఒక్కసారి ఆగిపోతే బాగుండునని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఆగలేదు. నాన్న ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, "క్లచ్చు... క్లచ్చు తల్లీ... గేదె, గేదె, గేదె!" అంటూ సముద్రం దాకా ఊపిరి బిగబట్టి దానికి పాఠం చెప్పాడు. అంత శ్రద్ధగా నాకు ఎక్కాలు కూడా చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో నేను కూర్చున్నాను. రెండు గేర్లు వేసేవరకు నా కాళ్ళ వైపు చూశాడు. తర్వాత సీటు వెనక్కి వాల్చాడు. ఇంకాసేపటికి గురక! నాకు ఒళ్ళు మండిపోయింది. దానికేమో దారంతా పాఠం, నాకేమో గురక. గేదెలు నాకూ అడ్డం వచ్చాయి. ఎవరూ అరవలేదు. నేనే ఆపుకుని, నేనే దాటించుకుని, ఊరి మొదట్లోకి వచ్చాక ఆయన్ని లేపి తాళాలు ఇచ్చేసి, ఇంటికొచ్చి పెరటి మెట్ల మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాను. అమ్మ అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నాను.

కాసేపటికి చెల్లి వచ్చి పక్కన కూర్చుంది. కాళ్ళతో ఇసుక గీస్తూ, "పెదనాన్న బస్సులో కూడా రెప్ప వెయ్యరు కదక్కా, డ్రైవర్ మీద నమ్మకం లేక" అంది. "నా చేతిలో ఉన్నంతసేపూ హ్యాండ్‌బ్రేకు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నీ చేతిలో పెట్టి నిద్రపోయారు." ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది నా గొంతే. తిరిగి దాని మొహంలోకి చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కింది పెదవి బిగించి ఉంది. అచ్చమైన, కల్తీ లేని కుళ్ళు!

ఆ మాటలో నాన్న నన్ను ఎంత నమ్మాడో ఉంది. ఇప్పుడైతే ఆ గురకను తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాను. కానీ ఇరవై ఏళ్ళ ఆ పిల్ల నమ్మకం సంగతి పట్టించుకోలేదు. చెల్లి తనను చూసి కుళ్ళుకుంటోందన్న ఒక్క ముక్కే పట్టుకుని, చివ్వున లేచి, చేతులు కడుక్కుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంటూ పీట వాల్చుకుని, గోంగూర పచ్చడితో మూడుసార్లు మారు వడ్డించుకుని తినేసింది పిచ్చి మొహంది.